రేడియో షోరూములో పదకొండేళ్ళు

నేను ఉద్యోగంలో చేరిన రోజు అమ్మింది రేడియో కాదు, నాలుగు బ్యాటరీలు. కొన్నాయన తగరపువలస వైపు నుంచి వచ్చిన రైతు. బ్యాటరీలు జేబులో వేసుకుని, భుజం మీది సంచిలోంచి తువాలులో చుట్టిన ట్రాన్సిస్టరు తీసి కౌంటరు మీద పెట్టాడు. నన్నొకసారి చూశాడు. నా వెనక ఖాళీగా ఉన్న స్టూలును ఒకసారి చూశాడు.

"మెకానిక్కు నేడేటమ్మా?"

"నాను సూత్తాను బాబూ, ఇలగియ్యండి."

"నువ్వా?" సెట్టును మళ్ళీ తువాలులో చుట్టేశాడు. "వొద్దులే తల్లీ. ఆయనొచ్చినాకే సూపిత్తాను."

వెళ్ళి బయట మెట్టు మీద కూర్చున్నాడు. ఆ రోజు శుక్రవారం. మా మెకానిక్కు నమాజుకు వెళ్ళాడు. గంటసేపు ఆ రైతు వీధి వైపు, నేను ఆయన వీపు వైపు చూస్తూ కూర్చున్నాం. ఐటీఐలో రెండేళ్ళు రేడియో మెకానిజం చదివి, సర్టిఫికెట్టు పట్టుకుని వచ్చిన నాకు ఆ గంట చాలా పొడుగ్గా అనిపించింది.

మెకానిక్కు పాతపట్నం మనిషి. అప్పటికే యాభై దాటాయి. అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు, నేనూ అలాగే అన్నాను. ఆయన వచ్చి, రైతు చెప్పింది విని, సెట్టు వెనక మూత తీశాడు. లోపలికి ఒక్కసారి తొంగి చూసి నా ముందుకు జరిపాడు.

"నా కళ్ళకి ఇది రేపటి పని. ఆ గుంట కళ్ళకి ఇప్పటి పని. మీ ఇష్టం బాబూ," అన్నాడు రైతుతో.

బ్యాటరీలు కూర్చునే చోట స్ప్రింగు తుప్పు పట్టి ఉంది. దాని వెనక సన్నటి తీగ తెగి ఉంది. గరుకు కాగితంతో రుద్ది, తీగ అతికించాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. పాట రాగానే రైతు మొహం వెలిగిపోయింది. "ఎవరమ్మాయివమ్మా?" అని అడిగాడు. పోర్టులో కలాసీ కూతుర్నని చెప్పాను. తర్వాతి వారం అదే ఊరి నుంచి ముగ్గురు సెట్లు పట్టుకుని వచ్చారు. ముగ్గురూ అడిగింది ఒకటే మాట: "ఆ గుంట ఉందేటి?"

మా కంపెనీ హైదరాబాదులో రేడియోలు తయారుచేసేది. తన సరుకు తానే అమ్ముకోవాలని, అమ్మిన చోటే బాగు కూడా చెయ్యాలని ఊరూరా సొంత షోరూములు తెరవడం మొదలుపెట్టింది. విశాఖపట్నంలో మాది పూర్ణా మార్కెట్టుకు కూతవేటు దూరంలో, రోడ్డు మీదకి పెద్ద అద్దం ఉన్న షోరూము. ఆ అద్దం లారీలో హైదరాబాదు నుంచి గడ్డిలో చుట్టి తెచ్చారట. మార్కెట్టుకు వచ్చిన ఆడవాళ్ళు కూరల బుట్టలు కింద పెట్టి ఆ అద్దంలో బొట్టు సరిచూసుకునేవాళ్ళు.

మేనేజరు హైదరాబాదు నుంచి వచ్చాడు. టై కట్టుకునేవాడు. ఆడ కొనుగోలుదార్లతో మాట్లాడడానికి ఆడమనిషి ఉంటే బాగుంటుందని నన్ను తీసుకున్నాడు తప్ప, నా చేతికి సోల్డరింగు ఇనుము ఇద్దామని కాదు. నా పని కౌంటరు దగ్గర నిలబడడం, సెట్లు తుడవడం, అడిగిన స్టేషను పట్టి వినిపించడం. బేరం లేని మధ్యాహ్నాలు మాత్రం వెనక గదిలో ఉస్తాద్ పక్కన చేరేదాన్ని. ఆయన చదివింది తక్కువ. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఓడల మీద వైర్‌లెస్ సెట్ల దగ్గర సహాయకుడిగా చేసి నేర్చుకున్న విద్య అది.

"బేటీ, మీటరు ఆకరికి. ముందు వాసన సూడు, మాడిందో నేదో తెలుత్తాది. తర్వాత సప్పుడు విను. అప్పటికీ తెలకపోతే మీటరు తీయ్," అనేవాడు.

ఐటీఐలో మాకు మీటరుతోనే మొదలుపెట్టమని నేర్పారు. ఏడాది తిరిగేసరికి నేను వాసన చూసి చెప్పగలిగేదాన్ని.

*

చేరిన రెండో ఏడు, భీమిలి దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. వేటకి వెళ్ళే మనిషి. తెప్ప మీద రేడియో పట్టుకెళ్తే కెరటం కొట్టింది. సెట్టంతా ఉప్పు పేరుకుని తెల్లగా ఉంది. ఉస్తాద్ చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇది అయిపోనాది బావా. కొత్తది కొనుక్కో."

పెద్దాయన కదల్లేదు. "కొత్తది కొన్నా సముద్రం మీదకే కదా పట్టుకెల్తాను," అన్నాడు.

ఆ మాట నాకు పట్టుకుంది. ఎలాగూ పారేసేదే కదా, నన్ను చూడనివ్వమని ఉస్తాద్‌ని అడిగాను. కారు బ్యాటరీల్లో పోసే శుద్ధి చేసిన నీళ్ళు సీసాతో కొనుక్కొచ్చాను. సెట్టు విప్పి లోపలి పలకను ఆ నీళ్ళతో కడిగాను. రేడియోను నీళ్ళతో కడుగుతున్నానని మేనేజరు గదిలోంచి లేచి వచ్చి చూశాడు. మళ్ళీ తన గదిలోకి వెళ్ళిపోయాడు. మూడు రోజులు మేడ మీద ఎండలో పెట్టి, కాకులు రాకుండా మధ్యాహ్నం అన్నం కూడా అక్కడే తిన్నాను. స్పీకరు కొత్తది వేశాను. నాలుగో రోజు బ్యాటరీలు వేస్తే ముందు గురగుర వచ్చింది, తర్వాత మనిషి గొంతు వచ్చింది. ఉస్తాద్ బీడీ పారేసి లోపలికి వచ్చాడు. "యా అల్లా, సచ్చిందాన్ని లేపీసినావు," అన్నాడు.

నెల తిరక్కుండానే పెద్దాయన అదే సెట్టుతో మళ్ళీ వచ్చాడు. మళ్ళీ ఉప్పు.

"మళ్ళీ తడిపీసినారా?" అన్నాను.

"నాను తడపనేదమ్మా. సముద్రం తడిపినాది. అది తడపకుండా ఉంటాదేటి?"

ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తుంటే కంచరపాలెంలో ఒక పంక్చర్ల కొట్టు ముందు పాత లారీ ట్యూబులు వేలాడుతున్నాయి. జానెడున్నర ముక్క కోయించుకున్నాను. రెండు వైపులా తెరిచి ఉన్న రబ్బరు గొట్టం అది. ఒక చివర మడతపెట్టి అతికించి, రెండో చివర రెండుసార్లు చుట్టి తాడుతో బిగించేలా చేశాను. కెరటాలు దాటేదాకా రేడియో లోపల ఉంటుంది. దాటాక మూతి విప్పుకుని వినొచ్చు. మర్నాడు నా సొంత ట్రాన్సిస్టరును అందులో పెట్టి కట్టి, షోరూములో తడిగుడ్డ పెట్టే బకెట్టులో ముంచాను. మేనేజరు, ఉస్తాద్, ఇద్దరు కొనుగోలుదార్లు చుట్టూ నిలబడ్డారు. నీళ్ళలోంచి సన్నగా పాట వినిపిస్తూనే ఉంది. బయటికి తీసి విప్పితే లోపల పొడి పొడిగా ఉంది.

మేనేజరు టై సర్దుకుని, "ఇంకో పది చేయగలరా?" అని అడిగాడు. అప్పటిదాకా నన్ను ఆయన నువ్వు అనేవాడు.

పది కాదు, వందలు చేశాం. మొదటి సంచి, మళ్ళీ కడిగి బాగుచేసిన సెట్టుతో పాటు ఆ పెద్దాయనకే ఇచ్చాను. ఉస్తాద్ భార్య, వాళ్ళ వదినగారు ఇంట్లో కూర్చుని అతికించేవాళ్ళు. పల్లెల నుంచి వేటకెళ్ళేవాళ్ళు జట్లుగా వచ్చి రేడియో, సంచి కలిపి కొనుక్కెళ్ళేవాళ్ళు. మా షోరూముకు అంత దూరం నుంచి బేరం రావడం చూసి పూర్ణా మార్కెట్టులో రేడియోలు అమ్మే కొట్లవాళ్ళు ఆశ్చర్యపోయారు.

ఆ ఏడు కార్తీకంలో వాయుగుండం పట్టింది. రెండు రోజులు ఊళ్ళో కరెంటు లేదు, షోరూము అద్దానికి అడ్డంగా చెక్కలు కొట్టి ఇంట్లో కూర్చున్నాం. గాలి తగ్గి షోరూము తెరిచిన రోజు పొద్దున్నే ఆ పెద్దాయన వచ్చాడు. ఆయన వెనక పది పన్నెండు మంది. అందరూ మెట్ల మీద చెప్పులు విప్పి లోపలికి వచ్చారు. షోరూములోకి చెప్పులు విప్పి రావక్కర్లేదని నేను చెప్పబోయాను.

"అమ్మా," అన్నాడు పెద్దాయన, "నువ్వు కడిగి ఎండబెట్టిన ఆ డబ్బాయే మాట్లాడినాది. ఎల్లకండి, ఎల్లకండి అన్నాది. మేం అప్పటికే ఎల్లిపోనాం. నాను విని తెప్ప తిప్పీసినాను. నా పక్కోడికి గుడ్డ ఊపినాను, ఆడు ఆడి పక్కోడికి ఊపినాడు. మద్దేనానికి మా ఊరోళ్ళందరం ఒడ్డుకొచ్చీసినాం. సాయంత్రానికి సముద్రం సూడాలి..."

వెనకున్న కుర్రవాళ్ళలో ఒకడు చేపల బుట్ట తెచ్చి కౌంటరు పక్కన పెట్టాడు. నాకు ఇరవై మూడేళ్ళు. నా చేతి పని వల్ల మనుషులు ఇంటికి వచ్చారని ఎవరైనా చెప్తారని నేనెప్పుడూ అనుకోలేదు. మాట్లాడితే ఏడుస్తానని భయమేసి, "టీ తాగెల్లండి," అని మాత్రం అనగలిగాను. అందరికీ ఉస్తాదే స్వయంగా టీ తెచ్చాడు.

మేనేజరు ఇదంతా హైదరాబాదుకు రాశాడు. ఆయన మంచితనం ఏమిటంటే, సంచి ఆలోచన ఎవరిదో కూడా రాశాడు. కొన్ని నెలలకు కంపెనీ పెద్దాయన ఒకరు వచ్చి షోరూమంతా తిరిగి చూసి, నాకేం కావాలని అడిగారు. జీతం పెంచమంటానని అందరూ అనుకున్నారు.

"సర్వీసు గదిలో స్టూలు కావాలి సార్," అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. మేనేజరు ఇంగ్లీషులో విడమరిచి చెప్పాడు. ఆయన పెద్దగా నవ్వి, అక్కడికక్కడే కాగితం అడిగి రాశారు. తర్వాతి నెల నుంచి నేను సేల్స్ గర్ల్‌ని కాదు, మెకానిక్‌ని. కంపెనీ తర్వాత తానే రెక్సిన్‌తో, ప్రెస్ బటన్లతో అందమైన సంచులు చేసి పంపింది. పల్లెవాళ్ళు వాటిని వేళ్ళతో నొక్కి చూసి, "ఇది వొద్దు గానీ, నీ లారీ ట్యూబే ఇయ్యమ్మా," అనేవాళ్ళు.

*

పల్లెల బేరం చూసి కంపెనీ తగరపువలసలో చిన్న షోరూము తెరిచింది. సంత రోజున నేను బస్సులో వెళ్ళి అక్కడ కూర్చునేదాన్ని. తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ పనులు జోరందుకున్నాయి. ఎక్కడెక్కడి నుంచో మనుషులు వచ్చి ఊళ్ళో నిండిపోయారు. కొత్త ఊళ్ళో ఒంటరిగా ఉండే మనిషి మొదట కొనేది రేడియో అని నాకప్పుడే తెలిసింది. ఒరియా స్టేషను పడుతుందా, బెంగాలీ పడుతుందా, తమిళం పడుతుందా అని అడిగేవాళ్ళు. పట్టి వినిపిస్తే కళ్ళు మూసుకుని నిలబడిపోయేవాళ్ళు.

ఎనభైలు వచ్చాక కంపెనీ కంచరపాలెంలో మూడో షోరూము పెట్టింది. రైల్వే ఉద్యోగులు, పోర్టు ఉద్యోగులు, చిన్న చిన్న వ్యాపారాలవాళ్ళు ఉండే చోటు. దానికి ఇంచార్జిగా నన్ను వేశారు. కంపెనీ షోరూముల్లో ఆడమనిషి ఇంచార్జిగా ఉన్నది ఇదొక్కటేనని మేనేజరు చెప్పాడు. ఉస్తాద్‌ని అక్కడికి ఇవ్వమని అడిగాను. ఆయనా అదే అడిగాడట. అయినా అంత పెద్దవాడు నా కింద పనిచెయ్యడానికి చిన్నబుచ్చుకుంటాడేమో అని భయపడ్డాను. మొదటి రోజు పొద్దున్నే తాళాలు నా చేతిలో పెట్టి, "తలుపు నువ్వు తీయాలి బేటీ. ఇంచార్జివి నువ్వు," అన్నాడు.

అప్పటికే కంపెనీ టీవీలు చెయ్యడం మొదలుపెట్టింది. మా ఊళ్ళో ఇంకా ప్రసారం రాలేదు గానీ సెట్లు మాత్రం వచ్చేశాయి. అద్దం వెనక పెట్టి ఆన్ చేసేవాళ్ళం. తెర మీద వానజల్లు తప్ప మరేం కనపడేది కాదు. అయినా జనం ఆగి చూసేవాళ్ళు.

"ఏటమ్మా ఇది? సీమలు పాకుతన్నాయి?"

"బొమ్మ వత్తాదమ్మా. టవరు కడతన్నారు."

"ఎప్పుడొత్తాది?"

ఆ ప్రశ్నకు రోజుకి ఇరవైసార్లు జవాబు చెప్పేదాన్ని. ఎట్టకేలకు టవరు లేచింది. మొదటి ప్రసారం రోజు సాయంత్రానికి మా షోరూము ముందు రోడ్డు నిండిపోయింది. రిక్షాలు ఆగిపోయాయి. సైకిళ్ళవాళ్ళు సీటు మీద నిలబడ్డారు. ఆన్ చేస్తే బొమ్మ లేదు, మళ్ళీ చీమలే. మేడ మీద యాంటెన్నా ఆ పొద్దుటి గాలికి తిరిగిపోయి ఉంటుంది.

నేను కొంగు నడుముకి బిగించి నిచ్చెన ఎక్కాను. కింద ఒకళ్ళిద్దరు నవ్వారు. లోపల టీవీ ముందు ఉస్తాద్ నిలబడి, "కొంచెం! ఇంకొంచెం!" అని అరుస్తుంటే, తలుపు దగ్గరున్నవాళ్ళు ఆ మాట అందుకుని రోడ్డు మీదవాళ్ళకి, రోడ్డు మీదవాళ్ళు మేడ మీది నాకు అందిస్తున్నారు. "వొచ్చినాది!" అని ఒక కేక, వెంటనే "పోనాది!" అని ఇంకో కేక. ఇనుప గొట్టం పట్టుకుని వేలెడంత వేలెడంత తిప్పుతున్నాను. ఒక్కసారిగా రోడ్డంతా గట్టిగా కేక పెట్టింది. ఈసారి పోయిందని ఎవరూ అనలేదు. వార్తలు చదివే అమ్మాయి మొహం స్పష్టంగా కనపడిందట. నేను మాత్రం చూడలేదు, మేడ మీద బోల్టు బిగిస్తున్నాను.

అప్పుడే కింద మా నాన్న గొంతు వినిపించింది. పోర్టులో ముప్పై ఏళ్ళు బరువులు మోసిన మనిషి. ఇంట్లో కూడా అవసరమైతేనే మాట్లాడతాడు. నేను ఐటీఐలో చేరతానంటే "సరే" అన్నాడు, ఉద్యోగం వచ్చిందంటే "సరే" అన్నాడు. పక్కనున్న ఎవరో, "ఎవులా గుంట, మేడెక్కీసినాది?" అని అడిగారు.

"నా కూతురు," అన్నాడు మా నాన్న. ఆ మనిషి విననట్టుంది. నాన్న గొంతు పెంచి మళ్ళీ అన్నాడు, "నా కూతురు! ఈ షోరూముకి ఇంచార్జి!"

చుట్టుపక్కలవాళ్ళందరూ ఆయన వైపు తిరిగారు. నేను చీకట్లో పిట్టగోడ వెనక అలాగే కూర్చుండిపోయాను. దిగడానికి చాలాసేపు పట్టింది.

*

తర్వాతి రెండేళ్ళు మాకు తీరిక లేదు. ఆ తర్వాత తీరిక ఎక్కువైంది. ఊళ్ళో ప్రతి సందులో టీవీ కొట్టు వెలిసింది. అక్కడ పది కంపెనీల సెట్లు పక్కపక్కన పెట్టి చూపించేవాళ్ళు, వాయిదాల మీద ఇచ్చేవాళ్ళు. ఓడలవాళ్ళ దగ్గర కొన్న విదేశీ టేపురికార్డర్లు పాతపట్నంలో దొరికేవి. మా షోరూముల్లో మా కంపెనీ సెట్టు ఒక్కటే ఉండేది. రంగుల టీవీ తయారుచెయ్యడంలో మా కంపెనీ వెనకబడింది కూడా. సెట్టు గట్టిదే. కానీ జనానికి రంగు కావాలి. అందులో వాళ్ళ తప్పేం లేదు. నేను మా ఇంటికి కొనాల్సి వచ్చినా రంగుదే చూసేదాన్ని.

ముందు తగరపువలస మూతపడింది. ఆరు నెలలకు పూర్ణా మార్కెట్టు దగ్గరిది. అద్దం విప్పుతున్నప్పుడు చూడడానికి నేను వెళ్ళలేదు. మేనేజరు హైదరాబాదు వెళ్ళిపోతూ కంచరపాలెం వచ్చి ఉస్తాద్‌తో, నాతో చెయ్యి కలిపి వెళ్ళాడు. ఆ రెండుచోట్ల బాగుకి వచ్చిన సెట్లన్నీ మా సర్వీసు గదికి చేర్చారు. అరలు నిండి, నేల మీద కూడా పేర్చాం.

చివరికి మాకూ ఉత్తరం వచ్చింది. దాని వెనకే కుర్ర అధికారి ఒకడు వచ్చాడు. అన్ని ఊళ్ళలోనూ షోరూములు మూయించడమే అతని పని. చెడ్డవాడు కాదు, అలిసిపోయి ఉన్నాడు. సరుకుల పట్టిక చూశాడు, తర్వాత సర్వీసు గదిలోకి వచ్చి ఆ గుట్టల్ని చూశాడు.

"ఇవన్నీ ఎలా ఉన్నవి అలా లారీ ఎక్కించేయండి. ఫ్యాక్టరీకి వెళ్తాయి. ఎవరికి కావాలో వాళ్ళు హైదరాబాదుకు ఉత్తరం రాసుకుంటారు."

"సార్, ఇవి కంపెనీవి కావు," అన్నాను.

"తెలుసమ్మా. అందుకే రసీదులు ఉంటాయి కదా."

"ఇందులో సగంమందికి రాయడం రాదు సార్. ఒకాయన అయితే సెట్టుకి గుర్తుగా ఎర్ర దారం కట్టి వెళ్ళాడు. ఆయన హైదరాబాదుకి ఏమని రాస్తాడు?"

అతను గది మళ్ళీ ఒకసారి చూశాడు. "నెలాఖరుకి లారీ వస్తుంది. ఆపడం నా చేతుల్లో లేదు. ఆరోజుకి ఈ గదిలో ఏముంటే అది ఎక్కుతుంది," అన్నాడు.

"ఏమీ లేకపోతే?"

"లేకపోతే ఏం ఎక్కుతుంది?" అని నవ్వాడు. నేను జరగని పని చెప్తున్నానని అతని ఉద్దేశం.

అతను వెళ్ళగానే ఉస్తాద్‌ని చూశాను. ఆయనకి అప్పటికి శుక్లాలు ముదిరాయి. సోల్డరింగు చుక్క ఎక్కడ పడుతోందో కనపడేది కాదు.

"ఏటి సేద్దాం ఉస్తాద్?"

"సెవులున్నాయి కదా బేటీ నాకు. నాను వింటాను, నువ్వు అతుకు," అన్నాడు.

అలాగే చేశాం. ఆయన ఒక్కో సెట్టును చెవి దగ్గర పెట్టుకుని, వేలితో తట్టి, మీట తిప్పి, "దీనికి కండెన్సరు", "దీనికి మీటలో దుమ్ము", "ఇది మాడిపోనాది, వాసన సూడు" అని చెప్పి నా వైపు జరిపేవాడు. ఆయన చెప్పింది తప్పిపోవడం రెండు మూడుసార్లు కంటే జరగలేదు. రోజుకి నాలుగైదు సెట్లు బాగయ్యేవి. రెండో వారానికి విడి భాగాలు అయిపోయాయి. ఫ్యాక్టరీ ఇక పంపదు. అద్దం వెనక చూపించడానికి పెట్టిన సెట్టు ఒకటి ఉంది. నేను దాని వెనక మూత విప్పాను.

అధికారి మళ్ళీ వచ్చినప్పుడు ఆ సెట్టు లోపల సగం ఖాళీగా ఉంది. నేను దాచలేదు.

"ఇది పనిచేస్తుందా?" అని అడిగాడు.

"పనిచెయ్యదు సార్. దీని బదులు వేరే తొమ్మిది పనిచేస్తున్నాయి."

నా ఉద్యోగం ఎలాగూ పోతోంది, ఇంతకంటే ఏం చేస్తారనుకున్నాను. అతను పట్టికలో దాని ఎదురుగా "ప్రదర్శన సెట్టు, పాడైంది" అని రాసి సంతకం పెట్టాడు.

బాగు చెయ్యడం ఒక పని, చేర్చడం ఇంకో పని. కార్డులు రాశాం. సంత రోజున తగరపువలస వెళ్ళి తెలిసినవాళ్ళందరికీ చెప్పి వచ్చాను. చెప్పిన మాట పల్లెలకి ఎంత తొందరగా పాకిందంటే, మర్నాడు పొద్దున్నకే జనం షోరూము మెట్ల మీద ఉన్నారు. ఎర్ర దారం ఆయన కూడా వచ్చాడు. రానివాళ్ళ ఇళ్ళకి మేమే వెళ్ళాం. మా నాన్న అప్పటికి రిటైరయ్యాడు. పెద్ద సెట్లు భుజానికెత్తుకుని కంచరపాలెం సందులన్నీ నాతో తిరిగాడు. "నానా, బరువు," అంటే, "బరువేటి, పోర్టులో మోసిన్దానికి?" అనేవాడు.

చివరికి ఒక్క సెట్టు మిగిలింది. ఉక్కు ఫ్యాక్టరీ పనుల్లో రాడ్లు కట్టే ఒరియా మనిషిది. రాసిచ్చిన చిరునామాకి వెళ్తే అక్కడ గుడిసెలే లేవు, పని వేరే చోటికి మారింది. లారీ రావడానికి ఒక్క రోజు ఉంది. నేను, నాన్న గాజువాక వైపు బస్సులో వెళ్ళి, దుమ్ములో గుడిసె గుడిసెకీ అడుగుతూ నడిచాం. మధ్యాహ్నం దాటాక ఒక ఆడమనిషి చెయ్యి చాపి చూపించింది. అతను పనిలోంచి దిగి వచ్చాడు. తువాలు విప్పి సెట్టు చూపిస్తే ముట్టుకోలేదు.

"మేరా?" అన్నాడు.

"మీదే," అన్నాను.

మీట తిప్పి, ముల్లును తన స్టేషను మీదకి జరిపాడు. ఒరియా మాటలు వచ్చాయి. చుట్టూ గుడిసెల్లోంచి ఆడవాళ్ళు, పిల్లలు బయటికి వచ్చారు. అతను మాకు మంచినీళ్ళిచ్చి, మా నాన్న రెండు చేతులూ పట్టుకున్నాడు. నాన్న చేతులు కూడా అలాంటివే, మొద్దుబారిన చేతులు.

మర్నాడు లారీ వచ్చింది. అమ్ముడుపోని సరుకు, బల్లలు, కుర్చీలు ఎక్కించారు. అధికారి సర్వీసు గది తలుపు తీసి నిలబడ్డాడు. అరలు ఖాళీ. నేల ఊడ్చి ఉంది.

"ఇప్పటిదాకా నేను మూసిన ప్రతిచోటా ఈ గదుల్లోంచే లారీ సగం నిండేది," అన్నాడు మెల్లగా. తర్వాత ఉస్తాద్ దగ్గరికి వెళ్ళి, వంగి, ఆయన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. నాకు నమస్కారం పెట్టాడు.

హైదరాబాదు ఫ్యాక్టరీలో ఉద్యోగం ఇస్తామన్నారు. వెళ్ళలేదు. ఉస్తాద్ కళ్ళకు ఆపరేషను చేయించుకున్నాడు. కట్టు విప్పాక నన్ను చూసి, "ఇంత పెద్దదానివైపోనావేటి?" అని నవ్వాడు. ఆ తర్వాత పదేళ్ళు బతికి, పాతపట్నంలో వాళ్ళ అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్ళ సెట్లకి రోగం చెప్పేవాడు.

నేను చదివిన ఐటీఐలోనే రేడియో, టీవీ బ్రాంచికి బోధించేవాళ్ళు కావాలని ప్రకటన వస్తే వెళ్ళాను. దరఖాస్తులో అనుభవం అన్న చోట పదకొండేళ్ళు అని రాసి కంపెనీ పేరు రాశాను. గుమాస్తా చదివి తలెత్తాడు.

"ఈ కంపెనీ షోరూములు మూసేశారు కదమ్మా. మీ గురించి ఎవర్ని అడగమంటారు?"

"ఈ ఊళ్ళో ఎవర్నైనా అడగండి," అన్నాను.

అతను నవ్వాడు. తమ ఇంట్లో టీవీ యాంటెన్నా కట్టింది నేనేనని, అప్పుడు తాను కింద నిచ్చెన పట్టుకున్నానని చెప్పి, కాగితం మీద ముద్ర వేశాడు.